ఆరుంబావు బస్సులో ఆక్రమణదారులు

తాడికొండ విశ్వపతిగారు నవల రాసి ముప్పై రెండేళ్ళయింది. ఈ ముప్పై రెండేళ్ళలో పాఠకుల దగ్గర్నుంచి ఆయనకు వచ్చిన ఉత్తరాలు అక్షరాలా మూడు. మొదటిది ఆయన బావమరిది రాశాడు, నవల బాగుందనీ, అక్కయ్య ఈసారి గుమ్మడి వడియాలు పంపలేదేమనీ. రెండోది అదే పేరున్న ఒక హోమియో డాక్టరుగారి కోసం వచ్చింది. దానికి కూడా ఆయన, మోకాలినొప్పికి తనకు తెలిసిన తైలం పేరు చెప్పి, మర్యాదగా జవాబు రాశారు. మూడోది వానలో తడిసి వచ్చింది. ‘అయ్యా, మీ నవల’ అన్నంతవరకే మిగిలి, తక్కినదంతా నీలంగా అలుక్కుపోయింది. మూడింటిలోనూ ఆయన భద్రంగా దాచుకున్నది దాన్నే.

టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో జీవితమంతా ఇద్దరు మనుషుల మాటలు కలిపి తాను పక్కకు తప్పుకున్న మనిషి. పదవీ విరమణ అయ్యాక కూడా, ఎవరైనా తన నవల గురించి నాలుగు మాటలు మాట్లాడతారేమోనని చెవి రిక్కించుకునే ఉన్నారు. ఎవరూ మాట్లాడలేదు.

అలాంటి మనిషికి ఒక బుధవారం పొద్దున్న రిజిస్టరు పోస్టులో గోధుమరంగు కవరొకటి వచ్చింది. మీద మూడు ముద్రలున్నాయి. అవార్డే అయివుంటుందని చేతులు కడుక్కుని వచ్చి మరీ విప్పారు.

‘రాష్ట్ర పఠన క్రమబద్ధీకరణ సంస్థ. విషయము: తమ గ్రంథము “ఆరుంబావు బస్సు” నందు అనధికార భావముల ఆక్రమణ గూర్చి. పై విషయమై తెలియజేయునదేమనగా, పట్టణమందలి తొమ్మిది శాఖా గ్రంథాలయములలో గల తమ గ్రంథపు ప్రతులను సర్వే జరుపగా, తమ అనుమతి లేకుండ మూడువందల పన్నెండుమంది తమ గ్రంథమందు ప్రవేశించి, స్వంత భావములు నిర్మించుకొని నివసించుచున్నట్లు కనుగొనబడినది. కావున తాము ఈ నెల పదునాలుగవ తేదీన స్వయముగా హాజరై తమ హక్కును రుజువు చేసికొనవలెను.’

విశ్వపతిగారు దాన్ని మూడుసార్లు చదివారు. మూడోసారికి మనసు ఒక్క ముక్క దగ్గర ఆగిపోయింది.

“ఏవిటండీ అది? కరెంటువాళ్ళా?” అంటూ వంటింట్లోంచి వచ్చింది ఆయన భార్య భ్రమరాంబ.

“కాదే. నా నవల్లో మూడొందల పన్నెండుమంది ఉన్నారుట.”

“అంతమందిని ఎందుకు పెట్టారండీ? పదిమంది చాలరూ?” అందావిడ.

సంస్థ పుట్టి అప్పటికింకా ఏడాది కాలేదు. పెద్దమనిషెవరో ఒక సభలో, జనం పుస్తకాలు చదవడం మానేశారని గంటసేపు బాధపడి, చదివే నలుగురూ ఇష్టమొచ్చినట్లు చదువుతున్నారని ఒక్క నిమిషం బాధపడ్డారు. గంటసేపు చెప్పినదానికి ప్రభుత్వం చేయగలిగిందేమీ లేదు గనక, ఆ ఒక్క నిమిషం మీద చట్టం చేశారు. చట్టం వెనక సంస్థ వచ్చింది, సంస్థ వెనక జీపు వచ్చింది. జీపున్నాక ఎక్కడికో ఒకచోటికి వెళ్ళాలి. అలా గ్రంథాలయాల మీద పడ్డారు.

సంస్థకు జాయింట్ డైరెక్టరు (భావములు)గా వచ్చినాయన కొమరగిరి దివాకరంగారు. ఇరవై రెండేళ్ళు మునిసిపాలిటీలో రోడ్ల మీది ఆక్రమణలు తొలగించి, పదోన్నతి మీద వచ్చారు. పుస్తకాలు ఆయనకు కొత్తే గానీ ఆక్రమణలు కొత్త కాదు.

“కూర్చోండి గ్రంథకర్తగారూ. తమరు బాధితులు. బాధితులు నిలబడకూడదు,” అన్నారాయన, పద్నాలుగో తేదీ దాకా ఆగలేక ముందే వచ్చిన విశ్వపతిగారు గుమ్మంలో కనపడగానే.

“నేను బాధితుణ్ణా అండీ?”

“సందేహమా! తమరి సొంత స్థలంలో మూడొందల పన్నెండుమంది కాపురం పెట్టారు. తమరికి ముప్పై రెండేళ్ళుగా ఉలుకూ పలుకూ లేదు. అర్థం అనేది స్థిరాస్తి విశ్వపతిగారూ. రచయిత ఎక్కడ పెడితే అక్కడే ఉండాలి. పాఠకుడు దాన్ని ఇంటికి పట్టుకుపోవడం, అటూ ఇటూ జరపడం, దాని మీద ఇంకో అంతస్తు లేపడం, ఇవన్నీ చట్టరీత్యా నేరములు.”

గోడ నిండా నవల పేజీలు పట్టణ పటంలాగా పెద్దవి చేసి అంటించి ఉన్నాయి. వాటి మీద ఎర్రరంగులో చుక్కలు, గీతలు. దివాకరంగారు బెత్తం తీసుకుని వివరించారు. పేజీ అంచున పెన్సిలుతో రాస్తే అది పాక. సిరాతో రాస్తే పక్కా కట్టడం. అక్షరాల కింద గీత గీస్తే ప్రహరీగోడ. మూల మడిస్తే హద్దురాయి. కాఫీ గ్లాసు పెట్టిన గుండ్రటి మచ్చ బావి కింద లెక్క. అరవై ఆరో పేజీలో ఎవరో సంపెంగ పువ్వు పెట్టి వదిలేశారు. అది చెట్టు గనక అటవీశాఖవారి అభిప్రాయం కోరడం జరిగింది, ఇంకా రాలేదు.

“అంతా రబ్బరుతో చెరిపించేస్తాం. సిరా ఉన్నచోట తెల్లరంగు పూయిస్తాం,” అన్నారాయన ఉదారంగా. “తమరు చేయవలసిందల్లా ఒక్క సంతకం. ఏకైక భావ ధ్రువీకరణ పత్రం. నవలకు అసలు అర్థం ఏమిటో ఒక్క వాక్యంలో రాసి, తక్కినవేవీ నావి కావు అని సంతకం పెట్టండి.”

నవల కథ పెద్ద చిక్కుదేమీ కాదు. రాజ్యం అనే పల్లెటూరి పిల్లకు పట్నంలో ఉద్యోగం వస్తుంది. వెళ్ళొద్దు, నేను స్థిరపడేదాకా ఆగు అంటాడు బావ. ఆగి ఆగి, ఒకనాటి సాయంత్రం ఉద్యోగం కాగితం చేత్తో పట్టుకుని ఆరుంబావు బస్సు కోసం రోడ్డు మీద నిలబడుతుంది. బస్సు వస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. రాజ్యం ఎక్కకుండా ఇంటికి తిరిగి వెళ్ళిపోతుంది. అది నూట ఎనభై నాలుగో పేజీ, అక్కడితో అయిపోతుంది.

“అసలు అర్థం ఏమిటంటారు?” అన్నారు దివాకరంగారు కలం పట్టుకుని.

విశ్వపతిగారు ఇబ్బందిగా కదిలారు. ముప్పై రెండేళ్ళ కిందట ముందుమాట రాసిన రిటైర్డు ప్రిన్సిపాలుగారు ‘స్త్రీ త్యాగము’ అని రాసిన సంగతి గుర్తొచ్చింది.

“త్యాగం అండి,” అన్నారు.

“భేష్. అక్కడ సంతకం పెడితే సంస్థ తరఫున ప్రామాణిక భావ ముద్రణ వేయిస్తాం. వెయ్యి ప్రతులు. అట్ట మీద తమరి ఫోటో. పేజీ చుట్టూ అంచులు నల్లరంగులో అచ్చు వేయిస్తాం, మళ్ళీ ఒక్కడు కలం పెట్టడానికి జాగా దొరకదు.”

విశ్వపతిగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఆ నవల వేసిన ప్రచురణకర్త పుస్తకాలు మానేసి శుభలేఖలు అచ్చువేసుకుంటున్నాడు. ఇంట్లో ఉన్న ఒక్క ప్రతినీ చెదలు తినేశాయి. లోకం మొత్తం మీద ఆ నవల మిగిలి ఉన్నది ఆ తొమ్మిది లైబ్రరీల్లోని తొమ్మిది ప్రతుల్లోనే.

“పెట్టకపోతేనో అండీ?” అన్నారు, ఊరికే తెలుసుకుందామని.

“వివాదాస్పద గ్రంథం అవుతుంది. తొమ్మిది ప్రతులూ రికార్డు గదిలో పెట్టి సీలు వేస్తాం. వివాదం తేలేదాకా ఎవరూ ముట్టుకోకూడదు.”

“ఎన్నాళ్ళకు తేలుతుందండీ?”

“మునిసిపాలిటీలో నేను చేరేనాటికే వివాదంలో ఉన్న మరుగుదొడ్డి ఒకటి, నేను వచ్చేసే నాటికి కూడా వివాదంలోనే ఉంది,” అన్నారు దివాకరంగారు, కాస్త గర్వంగానే.

సంతకానికి ముందు రచయిత స్వయంగా స్థలం చూసుకోవాలని నిబంధన. అందుకని మర్నాడు సర్వేయరునూ, టేపునూ, ‘నాది కాదు’ అని చెక్కిన ముద్రనూ వెంటబెట్టుకుని విశ్వపతిగారు రైలుగేటు శాఖా గ్రంథాలయానికి వెళ్ళారు. అక్కడి లైబ్రేరియన్ నూకరత్నం, ఇరవయ్యేళ్ళుగా ఆ రెండు గదుల్నీ ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి, బీరువా లోంచి ఆయన నవల తీసి బల్ల మీద పెట్టింది. విశ్వపతిగారు పోల్చుకోలేకపోయారు. అట్ట వేరు, కుట్టు వేరు. లావు కూడా పెరిగింది.

“ఎనిమిదిసార్లు బైండు చేయించానండి. తిరిగీ తిరిగీ ఊడిపోతా ఉంటుంది,” అంది నూకరత్నం.

“తిరుగుతుందా?” అన్నారు విశ్వపతిగారు. ఆ మాట ఆయన నోట్లోంచి చాలా చిన్నగా వచ్చింది.

“బీరువాలో ఉన్నరోజు తక్కువండి.”

సర్వేయరు టేపు పరిచాడు. పన్నెండో పేజీ. నవల్లో రాజ్యం తల్లి వంకాయకూరలో ఆవ పెడుతుంది. పక్కన సిరాతో, ‘వంకాయకి ఆవ పెడతారా ఎవరైనా? ఆవ అరటికాయకి.’ దాని కింద పెన్సిలుతో ఇంకెవరో, ‘మా వైపు పెడతాం. తిని చూసి మాట్లాడండి.’ దాని కింద మళ్ళీ మొదటి చేతిరాతే, ‘తిన్నాను. బాగుంది. క్షమించండి.’ సర్వేయరు కొలిచి, ఒక పక్కా కట్టడం, ఒక పాక, ఒక పంచ అని రాసుకున్నాడు. విశ్వపతిగారు ఉత్సాహంగా ‘నాది కాదు’ ముద్ర వేశారు. తన నవల చదివి జనం నేర్చుకున్నది వంకాయకూరా అని ఆయనకు ఒళ్ళు మండింది.

ముప్పై ఏడో పేజీలో ‘బావ వెధవ’ అని ఉంది. యాభై రెండులో ‘ఇంకా వెధవ’ అని ఉంది. ఆ రెండింటి మీదా ముద్ర వేశారు. నిజానికి బావ పాత్రను ఆయన ఆదర్శపురుషుడిగా రాశారు.

నూట పన్నెండో పేజీ అంచున, ‘శుక్రవారం రాగలవా?’ అని ఒక సన్నటి రాత. ‘రాలేను. అమ్మ ఉంది,’ అని ఇంకో గుండ్రటి రాత. తర్వాతి పేజీల్లో వాళ్ళు ఎక్కడా కనపడలేదు. ఏమయ్యారో అని విశ్వపతిగారు తన కథ వదిలేసి వాళ్ళ కోసం పేజీలు తిప్పారు. నూట అరవై ఒకటిలో దొరికారు. ‘ఇద్దరం కలిసి మళ్ళీ చదివాం. అమ్మ కూడా ఒప్పుకుంది.’ విశ్వపతిగారికి పెద్ద బరువు దిగినట్లయింది. ముద్ర వేయడం మరిచిపోతే సర్వేయరు గుర్తు చేశాడు.

చివరికి నూట ఎనభై నాలుగో పేజీ వచ్చింది. అక్కడ ఖాళీ అన్నది లేదు. అంచులన్నీ నిండిపోయి, అక్షరాల మధ్యలోకి కూడా జనం దిగిపోయారు. ‘ఎక్కు రాజ్యం.’ ‘ఎక్కవే తల్లీ.’ ‘డ్రైవరుగారూ, ఒక్క నిమిషం ఆపండి.’ ‘ఎక్కదు, భయం దానికి.’ దాని పక్కనే, ‘భయం నీకు, దానికి కాదు.’ ‘రేపు కూడా బస్సుంది, రేపు ఎక్కు.’ చిన్నపిల్లల రాతలో, ‘మా నాన్న కండక్టరు. టిక్కెట్టు లేకపోయినా ఎక్కించుకుంటాడు.’ ముప్పై రెండేళ్ళుగా ఎవరెవరో ఆ రోడ్డు మీద నిలబడి, ఆయన రాసిన ఆడపిల్లను బతిమాలుతున్నారు. అన్నిటికంటే కింద, మూలకి, పెన్సిలు ఒత్తిపెట్టి ఒకరు రాశారు: ‘నేను ఎక్కేశాను. – వ.’

విశ్వపతిగారికి ముందు కోపం వచ్చింది, త్యాగమని ముందుమాటలోనే అచ్చయి ఉండగా వీళ్ళకు ఎక్కలేదేమని. తర్వాత సిగ్గేసింది. తన మాట ఎవరూ వినలేదని ఇన్నేళ్ళూ దిగులుపడ్డారు గానీ, విని ఇంతమంది జవాబు చెప్పారనీ, ఆ జవాబులు తన ఇంటికి రాకుండా ఇక్కడ పేరుకుపోయాయనీ ఆయనకు తెలియదు.

“ముద్ర వెయ్యండి సార్. భోజనాల వేళయింది,” అన్నాడు సర్వేయరు.

“రేపు వేస్తానయ్యా,” అన్నారు విశ్వపతిగారు.

ఇంటికొచ్చి ధ్రువీకరణ పత్రం బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. సంతకం పెడితే వెయ్యి ప్రతులు, అట్ట మీద ఫోటో. రైలుగేటు శాఖలో ఆ పేజీ తెల్లగా అయిపోతుంది. పెట్టకపోతే పేజీ ఉంటుంది గానీ తాళం లోపల ఉంటుంది. ఎటు చూసినా ఆ మనుషులు మిగలరు. అన్నం కూడా సరిగ్గా తినకుండా లేచారు.

“నిన్నొకటి అడగనా? నువ్వు నా నవల చదివావు కదా. ఆఖర్న ఏమనిపించింది?” అన్నారు భార్యతో.

భ్రమరాంబ ఎంగిలి కంచం తీయబోయి ఆగింది.

“ఎక్కితే బాగుండునని అనిపించిందండీ. మీరప్పుడు అంత మురిసిపోతూ ఉంటే, చెప్పబుద్ధి కాలేదు.”

పద్నాలుగో తేదీ విచారణ. ఆక్రమణదారులకు నోటీసులు ఇవ్వడంలో సంస్థకు ఒక ఇబ్బంది వచ్చింది. ఎవరూ పేరు, ఊరు రాయలేదు. అందుకని నోటీసులు లైబ్రరీ గోడలకు అంటించారు. ‘ముప్పై ఏడవ పేజీ నందు బావ వెధవ అని నిర్మించుకొన్న వ్యక్తికి తెలియజేయునది’ అని ఒకటి. అది చదవడానికి జనం ఎగబడ్డారు, చదివినవాళ్ళు ఆ బావ ఎవరో తెలుసుకుందామని నవల అడిగారు. నూకరత్నం దగ్గర పేరు రాసుకున్నవాళ్ళు నలభైకి పైగా తేలారు.

విచారణకు పదకొండుమంది వచ్చారు. వంకాయకూర ఆవిడ వచ్చి, కట్టడం తనదేననీ, కూర మీద అభిప్రాయం మార్చుకున్నాననీ ఒప్పుకుంది. శుక్రవారం జంట డిగ్రీ చదివే కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. దివాకరంగారు ‘రెండు పాకలు, ఒకే కుటుంబం’ అని రాయించి కూర్చోబెట్టారు. కూతురు మాత్రం అమ్మ రాసిందేమిటో చూపించమని గుమస్తాను వదల్లేదు.

“నూట ఎనభై నాలుగవ పేజీ, ఆగ్నేయమూల. ‘నేను ఎక్కేశాను’ అను కట్టడము తాలూకు వ్యక్తి ఎవరు?”

“ఆయ్, నేనేనండి,” అంటూ లేచింది ఒకావిడ. నలభై ఎనిమిదేళ్ళుంటాయి. మెడలో కొలతల టేపు వేలాడుతోంది, కుట్టు మధ్యలో వదిలేసి వచ్చినట్లుంది. “వరాలండి నా పేరు. రైలుగేటు కాడ టైలరింగు బడ్డీ నాది.”

“గ్రంథకర్త రాజ్యము ఎక్కలేదని స్పష్టముగా వ్రాసియుండగా, తమరు ఎక్కేశాను అనడంలో ఉద్దేశమేమి?”

“రాజ్యం సంగతి కాదండి. నేనే ఎక్కేశానండి.” వరాలు చుట్టూ చూసి, మళ్ళీ ఆయన వైపు తిరిగింది. “నాకప్పుడు ఇరవయ్యేళ్ళండి. మా మావయ్యగారబ్బాయి ఆగమన్నాడని నాలుగేళ్ళు ఆగానండి. రాజమండ్రిలో కుట్టుపని ట్రైనింగుకి రమ్మని కాగితం వచ్చిందండి, ఎల్లొద్దన్నారు ఇంట్లో. ఆ వారంలోనే ఈ పుస్తకం చదివానండి. ఆ పిల్ల బస్సు దాకా ఎల్లి ఎనక్కి ఎల్లిపోయేసరికి నాకు ఒళ్ళు మండిపోయిందండి. పుస్తకం ఇసిరికొట్టాను. ఏడ్చాను. అది ఎక్కకపోతే నేనెక్కుతాననుకుని తెల్లారేసరికి బయల్దేరిపోయానండి. ఆర్నెల్లకి తిరిగొచ్చి, లైబ్రరీకొచ్చి, రాజ్యానికి చెప్పాలి కదా అని అక్కడ రాశానండి.”

విశ్వపతిగారు తల వంచుకుని కూర్చున్నారు. ముప్పై రెండేళ్ళ కిందట ఆయన ఆగిపొమ్మని రాసిన మాట, ఈ మనిషి దగ్గరికి వెళ్ళి బయల్దేరమని చెప్పింది. ఆ రెండు మాటల్లో ఏది మంచిదో ఆయన ఎవర్నీ అడగక్కర్లేదు.

“హృదయవిదారకముగా ఉన్నది,” అన్నారు దివాకరంగారు నిజాయితీగానే. “అయినను హృదయము రికార్డు కాజాలదు. హక్కు పత్రములేమైనా ఉన్నవా?”

“ఉన్నాయండి,” అని వరాలు సంచీలోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది. “మీరిచ్చిందేనండి. నా బడ్డీ రోడ్డు మీద ఉందని పీకేయడానికి మునిసిపాలిటీ తరఫున మీరే వచ్చారండి. పన్నెండేళ్ళు ఎవరూ అడ్డుచెప్పకుండా ఉన్నారు గనక, ఇంక ఖాళీ చేయించే హక్కు ఎవరికీ లేదని మీరే సంతకం పెట్టారండి. ఈ పేజీలో నేనుండబట్టి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆయన అడ్డుచెప్పలేదండి. కావాలంటే అడగండి.”

దివాకరంగారు కాగితం ఎత్తి వెలుతురులో పెట్టి చూశారు. సంతకం చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆయన్ని ఎన్ని అయినా అనవచ్చు గానీ, తన సంతకాన్ని కాదన్నాడని మాత్రం జీవితంలో ఎవరూ అనలేదు.

“ఇది పూర్వనిర్ణయము,” అన్నారు నెమ్మదిగా. “దీనిని నేను ఉల్లంఘించజాలను.” తర్వాత విశ్వపతిగారి వైపు తిరిగారు. “తమరు ఈ ముప్పై రెండేళ్ళలో ఎప్పుడైనా లిఖితపూర్వకముగా అభ్యంతరం తెలిపారా?”

“లేదండి. నాకు తెలీదు కదండీ.”

“గ్రంథంలో తమరు చివరిసారిగా ఎప్పుడు ప్రవేశించారు? అనగా, చదివారు?”

“చెదలు పట్టకముందండి. ఇరవై ఆరేళ్ళయివుంటుంది.”

“అనగా ఇరవై ఆరేళ్ళుగా తమరు స్వాధీనంలో లేరు. వీరున్నారు.” ఆయన ముఖం వెలిగిపోయింది. కొత్త నిబంధన పుడుతున్నప్పుడు అధికారి ముఖంలో కనపడే వెలుగు అది. “కనుక ఆక్రమణదారు అన్న మాటకు అర్హత, సూక్ష్మంగా విచారిస్తే, తమరికే ఉన్నట్లు తోస్తున్నది.”

“నాకా అండీ?”

“తమరు నివసించని స్థలం మీద తమరు హక్కు చెప్పుకుంటున్నారు. ఇప్పుడు రెండే మార్గములు. ఇది పాత పత్రం. ఇందులో సంతకం పెడితే, ఇప్పుడైనా అభ్యంతరం తెలిపినట్లే. అందరినీ చెరిపించి, తమరి వెయ్యి ప్రతులూ వేయిస్తాను. ఇది నిరభ్యంతర పత్రం. ఇందులో పెడితే వీరికి హక్కు, రాతలు ఎక్కడివక్కడ ఉంటాయి. అయితే ముద్రణ లేదు, ఫోటో లేదు. ఇకమీదట రాజ్యం ఎక్కిందని ఎవరన్నా, దిగిందని ఎవరన్నా, ఆవిడ నడుపుతున్నదని అన్నా సరే, తమరు నోరెత్తడానికి వీల్లేదు. ఆలోచించుకోండి.”

విశ్వపతిగారికి ఒక్క క్షణం ఆ ఫోటో కళ్ళ ముందు ఆడింది. కోటు వేసుకుని తీయించుకుందామనుకున్నారు. అబద్ధమెందుకు, ఆ క్షణం చాలా పొడుగ్గానే ఉంది. వరాలు ఆయన్నే చూస్తోంది. వంకాయకూర ఆవిడ, శుక్రవారం జంట, వాళ్ళ కూతురు, అందరూ ఆయన్నే చూస్తున్నారు. పదకొండుమంది ఒక్కసారిగా తన వైపు చూడటం ఆయనకు జీవితంలో అదే మొదటిసారి.

రెండో పత్రం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టారు.

దివాకరంగారు వెంటనే గుమస్తాకు ఉత్తర్వు చెప్పి రాయించారు. శ్రీ తాడికొండ విశ్వపతి పదిహేను రోజులలోగా గ్రంథము నుండి ఖాళీ చేయవలెను. తిరిగి ప్రవేశించదలచినచో ఏదేని శాఖా గ్రంథాలయమున సభ్యత్వము పొంది, ఇతర పాఠకులతో సమానముగా వరుసలో వేచియుండవలెను. రైలుగేటు శాఖలో ఆ వరుసలో ఆయనది నలభై నాలుగో స్థానమని, విచారణకు పుస్తకం పట్టుకొచ్చిన నూకరత్నం అక్కడే చెప్పింది.

బయట మెట్ల మీద వరాలు ఆయన కోసం నిలబడి ఉంది.

“సారూ, మీకేటన్నా కోపం వచ్చిందేమోనండి.”

“లేదమ్మా.”

“అయితే ఒకటడుగుతానండి. ఇరవై ఎనిమిదేళ్ళుగా అడగాలని ఉందండి. అసలు రాజ్యం ఎందుకెక్కలేదండి? త్యాగమేనా అండి?”

విశ్వపతిగారు వెనక్కి తిరిగి ఆఫీసు తలుపు వైపు చూశారు. ఎవరూ వినడంలేదని రూఢి చేసుకున్నారు.

“ఎవరికీ చెప్పకమ్మా. అది వారపత్రిక పోటీకి రాసింది. నూట ఎనభై నాలుగు పేజీలకు ఒక్కటి మించినా తిప్పి పంపేస్తామన్నారు. బస్సెక్కిస్తే పట్నంలో దించాలి, ఉద్యోగంలో చేర్పించాలి, ఆ పిల్లకు ఉండటానికి ఒక గది చూడాలి. తక్కువలో తక్కువ ముప్పై పేజీలు పడుతుంది. అందుకని ఇంటికి పంపేశాను. త్యాగమూ లేదు, గీగమూ లేదు. పేజీలు అయిపోయాయమ్మా, అంతే. ఆ పోటీలో ప్రైజు కూడా రాలేదు.”

వరాలు నవ్వు మొదలుపెట్టింది. ఆగలేక మెట్టు మీద కూలబడి, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. చెంగుతో ముఖం తుడుచుకుని లేచి నిలబడింది.

“మీకు అయిపోయాయేమో గానండి, నాకెక్కడ అయిపోయాయండి?” అంది.